కష్టకాలంలో కూటాలు పెంచకండి, ఇళ్ళకు వెళ్ళండి

సంఘానికి కష్టం వచ్చిందంటే మనం మొదట చేసే పని ఇంకో కూటం పెట్టడం. మూడు రోజుల ఉపవాస ప్రార్థన, శుక్రవారం రాత్రంతా ప్రార్థన, తెల్లవారుజామున ఫోన్‌లో ప్రార్థన. తప్పు అనడం లేదు, నేనూ వెళ్ళి కూర్చునేదాన్నే. కానీ ఒకసారి ఆ కూటాలకు ఎవరు వస్తున్నారో చూడండి. మామూలు రోజుల్లో వచ్చేవాళ్ళే వస్తారు. అప్పులవాడికి ముఖం చాటేసి తిరుగుతున్న అన్న రాడు, భర్త పోయి నాలుగు నెలలైన అక్క రాదు, రాత్రి డ్యూటీ చేసి పడుకున్న నర్సమ్మ రాదు. ఎవరి కోసం పెట్టామో వాళ్ళు తప్ప అందరూ వచ్చి, వాళ్ళ కోసం గట్టిగా ప్రార్థించి, టీ తాగి వెళ్ళిపోతాం.

మన తిరుపతి, చిత్తూరు వాళ్ళకు కష్టకాలం అంటే ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2020 మార్చి 20న కరోనా వల్ల తిరుమల కొండ మీద దర్శనం ఆగింది, ఇంకో నాలుగు రోజులకు దేశమంతా లాక్‌డౌన్. కొండ మీద దర్శనం ఆగితే కింద లాడ్జీలు, హోటళ్ళు, జీపులు, ఆటోలు, పూల అంగళ్ళు అన్నీ ఆగుతాయి. ఆదివారం ఆరాధనకు వచ్చే మనవాళ్ళలో ఎంతమంది ఆ పనుల మీద బతుకుతున్నారో ఆ మూడు నెలల్లోనే చాలా సంఘాలకు తెలిసొచ్చింది. తర్వాత 2021 నవంబరులో వానలు, ఊళ్ళోకి నీళ్ళు, రాయలచెరువు కట్టకు గండి పడుతుందని కింది ఊళ్ళు ఖాళీ చేయించడం. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరడం, చివరికి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలో 12 అని చెప్పాల్సి రావడం. ఇవన్నీ పేపర్లో వచ్చిన కష్టాలు. పేపర్లో రానివి ఇంటింటికీ ఉంటాయి.

కింద రాసింది పెద్ద చదువులు చదివిన బోధకుల కోసం కాదు. సంఘంలో మామూలు విశ్వాసులుగా ఉన్నవాళ్ళు, స్త్రీల సమాజం నడిపేవాళ్ళు, సంఘ పెద్దలు, ముఖ్యంగా అన్నీ నెత్తిన పడే పాస్టరమ్మలు (పాస్టర్ గారి భార్యలు), మీ కోసం.

ముందు మీ గుండె సంగతి చూసుకోండి

వేరేవాళ్ళ ఇంటికి వెళ్ళే ముందు మీరు ఎలా ఉన్నారో దేవుడి ముందు నిజం చెప్పండి. ఇది వినడానికి తేలిక, చేయడానికి కష్టం. ఎందుకంటే మన సంఘాల్లో "ఎలా ఉన్నారమ్మా" అంటే "దేవుని కృపవల్ల బాగున్నామండీ" అనడం అలవాటైపోయింది, ప్రార్థనలో కూడా అదే భాష వస్తుంది. గుండెలో కోపం ఉంటుంది, నోట్లో స్తోత్రం ఉంటుంది.

బైబిల్ అలా మాట్లాడమని చెప్పలేదు. 150 కీర్తనల్లో దాదాపు మూడోవంతు మొర పెట్టుకునేవే. ఎక్కువ చదవకండి, ఒక ఐదు పెట్టుకోండి: 13, 42, 77, 88, 130. వారానికి ఒక్కటే, ఏడు రోజులూ అదే. 13లో దావీదు ఎన్నాళ్ళు, ఎన్నాళ్ళు అని మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. 42లో తన ప్రాణంతో తానే మాట్లాడుకునే మనిషి ఉంటాడు. 77 రాత్రి కన్ను మూతపడనివాళ్ళది. 88 మాత్రం ప్రత్యేకం, మిగతా కీర్తనలు చాలావరకు చివర్లో స్తుతికి తిరుగుతాయి, ఇది తిరగదు, చీకటి అనే మాట దగ్గరే ఆగిపోతుంది. అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. బాగా విరిగిపోయి ఉన్నవాళ్ళకు నేను మొదట చూపించేది అదే.

పడుకునే ముందు పది నిమిషాలు చాలు. గట్టిగా చదవండి, కళ్ళతో మాత్రమే కాదు, మీ చెవికి వినపడేలా. తర్వాత ఒక నోటు పుస్తకంలో ఒక్క వాక్యం రాయండి. "ప్రభువా, ఈరోజు నాకు నీ మీద నమ్మకం రాలేదు" అని రాసినా సరే. ఆ పుస్తకం ఎవరికీ చూపించక్కర్లేదు.

ఇంకో మాట, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త సంవత్సరానికి ఒక బైబిల్ వాక్యం రాసిన వాగ్దాన కార్డు తీసుకుంటాం కదా. "ఈ సంవత్సరం నిన్ను హెచ్చిస్తాను" అని వచ్చిన ఇంట్లో మార్చికల్లా ఉద్యోగం పోతే ఆ మనిషి పరిస్థితి ఏమిటి? దేవుడు అబద్ధమాడాడా, లేక నాలో పాపం ఉందా అని రాత్రింబవళ్ళు అదే ఆలోచన. మీ ఇంట్లో అలాంటి కార్డు గోడ మీద ఉండి చూసినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంటే, దాన్ని తీసి బైబిల్లో పెట్టేసి, అది ఏ అధ్యాయంలోదో ఆ అధ్యాయం మొత్తం చదవండి. ముక్కగా తీసిన వాక్యం ఒకలా వినిపిస్తుంది, దాని చోట్లో ఇంకోలా వినిపిస్తుంది. పొద్దున లేవగానే వాట్సాప్‌లో పది మంది పంపే వాగ్దానాలు కూడా కొన్నాళ్ళు చూడకపోతే మునిగిపోయేదేమీ లేదు. రాత్రి పదకొండు దాటాక యూట్యూబ్ ప్రసంగాలైతే అసలు వద్దు, భయపెట్టేవే ఎక్కువ ఎదురొస్తాయి.

తిండి, నిద్ర, మాత్రలు: ఇవి కూడా ఆత్మీయతే

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తెరవండి. ఏలీయా బదరీ చెట్టు కింద పడుకుని, చాలు ప్రభువా నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ఏం చేశాడు? వాక్యం చెప్పలేదు, మందలించలేదు. దూత వచ్చి లేపి రొట్టె, నీళ్ళు పెట్టాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. "ఇక్కడేం చేస్తున్నావు" అనే ప్రశ్న ఆ తర్వాత ఎప్పటికో, నలభై రోజులు నడిచి కొండ చేరాక వచ్చింది. మనం ఈ వరస తిరగేస్తాం. ఏడుస్తూ వచ్చినవాళ్ళకు ముందు ప్రశ్నలు, తర్వాత ప్రసంగం, ఎప్పుడైనా గుర్తొస్తే కాఫీ.

అందుకే కష్టంలో ఉన్నప్పుడు ఉపవాసం గురించి కొంచెం జాగ్రత్త. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు. స్టేజీ మీద నుంచి ఇది చెప్పాల్సిన బాధ్యత పాస్టర్ గారిది. చెప్పకపోతే శుక్రవారం మధ్యాహ్నం మందిరంలోనే కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళుంటారు, ఉన్నారు.

మనసు గురించి కూడా ఇదే మాట. రెండు వారాలు దాటినా నిద్ర లేదు, ఆకలి లేదు, దేని మీదా ఆసక్తి లేదు, చచ్చిపోతే బాగుండు అనే మాట నోట్లోంచి వస్తోంది అంటే అది విశ్వాసం తక్కువై కాదు, వైద్యం కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఈ నంబరు మందిరం నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయండి. డాక్టరు ఇచ్చిన మాత్రలు "ప్రార్థన చేశాం కదా, ఇక ఆపేయండి" అని మాన్పించే హక్కు ఎవరికీ లేదు, ఎంత పేరున్న సేవకుడైనా సరే. మన పక్కనే వేలూరు సీఎంసీ ఆసుపత్రి ఉంది, 1900లో మిషనరీ డాక్టరు ఐడా స్కడ్డర్ ఒక్క మంచంతో మొదలుపెట్టింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉంది, క్షయ రోగుల కోసం మిషన్లన్నీ కలిసి కట్టిన ఆసుపత్రి, 1915 నుంచి రోగుల్ని చూస్తోంది. ప్రార్థన చేసినవాళ్ళే వాటిని కట్టారు. ప్రార్థనకూ మందుకూ పోటీ పెట్టింది మనమే.

పేర్లు రాసుకోండి

ఇక సంఘం సంగతి. శనివారం సాయంత్రం ఒక గంట తీసుకుని ఇద్దరు ముగ్గురు కూర్చుని సంఘ సభ్యుల పుస్తకం ముందు పెట్టుకోండి. జ్ఞాపకం మీద చేయకండి, జ్ఞాపకానికి వచ్చేది ముందు వరసలో కూర్చునేవాళ్ళే. ఒక్కో పేరూ చదువుతూ పక్కన గుర్తులు పెట్టండి: ఒంటరిగా ఉన్నవాళ్ళు, ఈ ఏడాదిలో ఇంట్లో చావు చూసినవాళ్ళు, చాలాకాలంగా జబ్బుతో ఉన్నవాళ్ళు, పని పోయినవాళ్ళు, ఫైనాన్స్ వాళ్ళ వారం కిస్తీలతో నలిగిపోతున్నవాళ్ళు, పిల్లలు బెంగళూరు, చెన్నై వెళ్ళిపోయి ముసలివాళ్ళిద్దరే మిగిలినవాళ్ళు, వరుసగా మూడు ఆదివారాలు కనపడనివాళ్ళు.

తర్వాత వీధుల ప్రకారం విడగొట్టండి. తిరుపతిలో అయితే కొర్లగుంట, జీవకోన, మంగళం, ఎం.ఆర్.పల్లి, రేణిగుంట వైపు ఇలా. చిత్తూరులో అయితే మిట్టూరు, గ్రీమ్స్‌పేట, కట్టమంచి, మురకంబట్టు. దగ్గర్లో ఉన్నవాళ్ళకే అప్పగించాలి, బస్సెక్కి వెళ్ళాలంటే రెండు వారాల తర్వాత ఎవరూ వెళ్ళరు. ఒక జంటకు ఐదు ఇళ్ళకు మించి ఇవ్వకండి. నిర్గమకాండం 18లో యిత్రో తన అల్లుడు మోషేకు చెప్పింది ఇదే, నువ్వొక్కడివే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు, పదిమందికొకణ్ణి పెట్టు అన్నాడు. మామగారి సలహా విన్న అల్లుడు కాబట్టి పని జరిగింది!

ఆ జంటల్ని వేసేటప్పుడు ఒక విషయం దాచకుండా మాట్లాడుకుందాం. మన సంఘాల్లో కులం లేదని స్టేజీ మీద చెబుతాం. కానీ ఎవరింటికి ఎవరు వెళ్తారు, వెళ్ళినవాళ్ళు ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగుతారా లేదా, అది ఇంటివాళ్ళు చూస్తూనే ఉంటారు. అందుకని జంటల్ని కావాలనే కలిపి వేయండి. వెళ్ళిన చోట పెట్టింది తినండి. సంగటి పెడితే సంగటి, రసం అన్నం పెడితే రసం అన్నం. "ఇప్పుడే తిని వచ్చామండీ" అనే మాటను ఈ పనికి ఒప్పుకున్న రోజే మర్చిపోవాలి.

వేళ కూడా ముఖ్యం. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసేవాళ్ళ ఇంటికి పొద్దున పదికి వెళ్ళకండి. లాడ్జీల్లో, హోటళ్ళలో పనిచేసేవాళ్ళకు శని, ఆదివారాలే ఒత్తిడి, బ్రహ్మోత్సవాల రోజుల్లో అయితే సెలవు అనే మాటే ఉండదు. అలాంటివాళ్ళు ఆదివారం రాలేదని "లోకంలో పడిపోయారు" అనడం అన్యాయం. వాళ్ళ కోసం మంగళవారమో బుధవారమో సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో అరగంట కలిసి బల్ల (ప్రభువు రాత్రి భోజనం) తీసుకునే ఏర్పాటు చేయమని పాస్టర్ గారిని అడగండి.

వెళ్ళాక ఏం చేయాలి, ఏం మాట్లాడకూడదు

ముందు ఫోన్ చేసి వెళ్ళండి. ఇద్దరే వెళ్ళండి, ఆరుగురు వెళితే అది కూటం అయిపోతుంది, ఆ ఇల్లాలు కుర్చీల కోసం పక్కింటికి పరిగెత్తాలి. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. బైబిల్ సంచిలోనే ఉండనివ్వండి, కావాలన్నప్పుడు తీయొచ్చు.

కూర్చోండి. "తిన్నారా?" అని అడగండి. తర్వాత ఊరుకోండి. యోబు స్నేహితుల్ని మనం ఎప్పుడూ తిడతాం గానీ వాళ్ళు మొదట చేసింది మంచి పనే, ఏడు రోజులు ఏడు రాత్రులు ఒక్క మాట లేకుండా నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడింది. అందుకని ఈ మాటలు అనకండి: "అంతా దేవుని చిత్తం", "దేవుడు ప్రేమించేవాళ్ళనే శిక్షిస్తాడు", "మీ ఇంట్లో ఏదైనా ఒప్పుకోని పాపం ఉందేమో చూసుకోండి", "మా ఆడపడుచుకూ ఇలాగే అయింది, వారంలో పోయింది". ఈ చివరిది నవ్వులాటకు రాయలేదు, క్యాన్సర్ అని తెలిసిన మనిషి ముందు కూర్చుని ఇలా చెప్పేవాళ్ళు నిజంగా ఉంటారు.

మరి ఏమనాలి? సాధారణంగా మాట ఇలా నడుస్తుంది.

"అక్కా, ఎట్లుండారు?"

"ఏముందమ్మా, ఉండాము."

"రాత్రి నిద్ర పడతా ఉందా?"

"యాడ పడతాది. పన్నెండు, ఒంటిగంట అయిపోతాది."

ఇక్కడ వాక్యం ఎత్తుకోవాలని నాలుక దురద పెడుతుంది. ఆగండి. "ఆ టైములో ఏం గుర్తొస్తాదక్కా?" అని అడిగి చూడండి. ఆ తర్వాత వచ్చేది వినడానికే మీరు వెళ్ళింది. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి, మీకూ ఏడుపొస్తే ఆపుకోకండి, ఏడ్చేవాళ్ళతో ఏడవమని పౌలు రోమా సంఘానికి రాసిన మాటకు ఇంతకంటే పెద్ద అర్థం లేదు.

లేచే ముందు "ప్రార్థన చేయమంటారా?" అని అడగండి. అడగాలి, వద్దంటే బాధపడకూడదు. చేస్తే చిన్నగా చేయండి, ఆమె చెప్పిన మాటల్నే దేవుడికి చెప్పండి. ప్రార్థన పేరుతో ఆమెకు ప్రసంగం చేయకండి ("ప్రభువా, ఈ బిడ్డకు ఇంకా విశ్వాసం నేర్పు" అంటే అది ఎవరికి చెబుతున్నట్టు?). అద్దె ఇంట్లో ఉంటే గొంతు తగ్గించండి. పైన ఓనర్లు ఉంటారు, పక్కన పరీక్షకు చదివే పిల్లలుంటారు. మీరు గంట అరిచి వెళ్ళిపోతారు, మర్నాడు మాట పడేది ఆ ఇంటివాళ్ళు.

బయటికి వచ్చాక ఇంకా పెద్ద పరీక్ష. విన్నది ఎక్కడ చెబుతారు? మన దగ్గర చాడీలు ప్రార్థన మనవి వేషంలోనే ఎక్కువ తిరుగుతాయి. "ఫలానా అక్క కూతురి కాపురం గురించి ప్రార్థించండి" అని గ్రూపులో పెట్టామంటే మధ్యాహ్నానికి రేణిగుంట దాకా తెలిసిపోతుంది. ఆమె ఒప్పుకుంటేనే, ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకే చెప్పండి. దీనికి మినహాయింపు ఒకటుంది, ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు. ఇంట్లో భర్త కొడుతున్నాడని ఒక ఆడబిడ్డ చెబితే "ఓర్చుకో, ప్రార్థన చెయ్యి, మారతాడు" అని పంపేయకండి. మహిళల హెల్ప్‌లైన్ 181, ఆ క్షణంలో ప్రమాదమైతే 112. ఆ రాత్రికి ఆమె ఎక్కడ పడుకుంటుందో చూడటం సంఘం పని.

డబ్బు, బియ్యం: ఎలా ఇస్తే తీసుకునేవాళ్ళు తల ఎత్తుకుని ఉంటారు

అపొస్తలుల కార్యాల్లో 6వ అధ్యాయం చూడండి, మొదటి సంఘంలో మొదటి గొడవ అన్నం దగ్గరే వచ్చింది, కొందరు విధవరాండ్రకు అందడం లేదని. అపొస్తలులు దాన్ని చిన్న విషయం అనుకోలేదు, ఏడుగురిని పెట్టారు. 11వ అధ్యాయంలో కరువు వస్తుందని తెలిసి అంతియొకయ సంఘం ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు వేసుకుని బర్నబా, సౌలు చేత యూదయకు పంపింది. ఇద్దరి చేత పంపారు, ఒక్కరి చేత కాదు. మనకు కావలసిన పద్ధతి అంతా అందులోనే ఉంది.

సహాయ నిధి వేరుగా పెట్టండి, మందిరం కట్టడానికి వేసే చందాతో కలపకండి. ముగ్గురు చూడాలి, ముగ్గురూ ఒకే కుటుంబం వాళ్ళు కాకూడదు, వాళ్ళలో ఒకరైనా స్త్రీ ఉండాలి. పాస్టర్ గారి సొంత ఫోన్‌పేకు డబ్బు వేయించడం ఆయనకే మంచిది కాదు, రేపు ఎవరైనా వేలెత్తి చూపితే నోరు మెదపలేరు. నెలకోసారి ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది సంఘం ముందు చదవండి. ఎవరికి ఇచ్చారో మాత్రం చదవకండి.

బియ్యం మూటతో ఫొటో అసలు తీయకండి. నిజానికి బియ్యం చాలా ఇళ్ళలో రేషన్‌కు వస్తాయి. తక్కువయ్యేవి నూనె, కందిపప్పు, గ్యాస్ సిలిండరు, బీపీ మాత్రలు, పిల్లల బస్ పాస్, ఆడపిల్లల ప్యాడ్లు, ఫోన్ రీచార్జి. ఏం కావాలో అడిగి తెలుసుకోండి. చేతికి డబ్బిస్తే మొహమాటపడేవాళ్ళుంటే మందుల అంగట్లోనో కిరాణా అంగట్లోనో మీరే కట్టేసి రండి.

కాగితాల పని తెలిసిన మనిషి ఒకరిని సంఘంలో పట్టుకోండి. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే వైద్య సేవ పథకం (మనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటాం) కింద వస్తుందో లేదో అక్కడి ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర ముందే అడగాలి, ఆధార్, రేషన్ కార్డు చేతిలో ఉండాలి. భయంలో ఉన్న కుటుంబానికి ఇవేవీ తోచవు. క్యూలో నిలబడి టోకెన్ తీసుకునే ఒక కుర్రాడు ఆ రోజుకు పది ప్రసంగాలతో సమానం.

సాయం సంఘం గోడ దగ్గర ఆగకూడదు. పక్కింటివాళ్ళు ఏ దేవుడిని మొక్కినా వాళ్ళ ఇంట్లోకి నీళ్ళొస్తే మన చేటా చీపురూ అక్కడికి కూడా వెళ్ళాలి. అయితే ఆ సంచిలో కరపత్రం పెట్టకండి, బదులుగా మందిరానికి రమ్మని పిలవకండి. మనం ఉంటున్నది తిరుపతి, ఇక్కడ ఆ ఒక్క కాగితం వల్ల మీ సాయం మొత్తం బేరంలా కనపడుతుంది. అన్నం పెట్టి అన్నం పెట్టినట్టే రండి.

కానుకల గురించి కూడా. పని పోయిన మనిషి ముందుకు సంచి వచ్చినప్పుడు చెయ్యి ఖాళీగా పెట్టాల్సి వస్తుందని మందిరానికే రాకుండా ఉండిపోతాడు. కష్టకాలం నడిచినన్నాళ్ళు సంచి తిప్పడం మానేసి తలుపు దగ్గర పెట్టె పెట్టండి. ఇంకా, యూట్యూబ్‌లో "విత్తన కానుక పంపితే అప్పు తీరుతుంది" అనేవాళ్ళ మాట విని ఉన్న నాలుగు వేలూ పంపేవాళ్ళున్నారు. ఆ మాట తప్పని మీ సంఘంలో స్పష్టంగా చెప్పండి.

ఆదివారం ఆరాధనలో చిన్న మార్పులు

పాటలన్నీ చప్పట్లవే పెట్టకండి. ఒక మొర కీర్తన అందరూ కలిసి చదివి, ఒక నిమిషం నిశ్శబ్దంగా ఉండండి. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, కీబోర్డు తమ్ముడికి చేతులు ఆగవు, ముందే చెప్పి పెట్టండి. సాక్ష్యాల్లో జవాబు వచ్చినవాళ్ళకే మైకు ఇవ్వకండి. "ఇంకా జవాబు రాలేదు, ఎదురుచూస్తున్నాం" అని చెప్పేవాళ్ళకు కూడా చోటివ్వండి. అలా ఒకరు చెబితే వెనక వరసలో ముగ్గురు తలెత్తుతారు. మొదలయ్యే టైముకు మొదలుపెట్టి ముగిసే టైముకు ముగించండి.

సండే స్కూల్ పిలకాయల్ని మర్చిపోకండి. ఇంట్లో ఏం జరుగుతోందో వాళ్ళకు తెలుసు, తెలియనట్టు ఉంటారంతే. "యేసయ్య ఉన్నాడు, భయపడకూడదు" అనే బదులు "భయమేస్తోందా, దేనికి?" అని అడగండి, బొమ్మ గీయమనండి.

చావు ఇళ్ళ సంగతి విడిగా చెప్పాలి. భూస్థాపన రోజు వందల మంది, ఆదరణ కూటానికి వంద మంది, ఆ తర్వాత ఎవరూ ఉండరు. మూడో నెలలో వెళ్ళండి. ఒక క్యాలెండరులో చనిపోయినవాళ్ళ తేదీలు, వాళ్ళ పెళ్ళిరోజులు, మొదటి క్రిస్మస్ గుర్తు పెట్టుకోండి. ఆ రోజు ఒక ఫోన్ చేసి చనిపోయిన మనిషి పేరు పలకండి. పేరెత్తితే బాధపడతారని మనం దాటేస్తాం, ఎవరూ పేరెత్తకపోవడమే వాళ్ళ బాధ. 2020, 2021లో పోయినవాళ్ళకు నలుగురు మోసే భాగ్యం కూడా సరిగా దక్కలేదు. అలాంటి కుటుంబం మీ సంఘంలో ఉండి, ఆదరణ కూటం ఇప్పటికీ జరగకపోతే, ఇప్పుడు పెట్టినా ఆలస్యం కాదు.

పాస్టర్ గారినీ పాస్టరమ్మనీ ఎవరు చూస్తున్నారు?

చిన్న సంఘాల్లో కానుక తగ్గితే మొదట తగ్గేది వాళ్ళ ఇంటి ఖర్చే. అందుకని సహాయ నిధిలో వాళ్ళ ఇల్లు కూడా లెక్కలో ఉండాలి, చివర మిగిలితే ఇద్దాంలే అని కాదు. వారంలో ఒక రోజు, సోమవారమో ఏదో, వాళ్ళకు ఫోన్ చేయకూడదని సంఘం నిర్ణయించుకోవాలి. అత్యవసరమైతే ఏ పెద్దకు చేయాలో నంబరు ఇవ్వండి. పాస్టరమ్మను "మీరెలా ఉన్నారమ్మా" అని అడిగి, జవాబు వచ్చేదాకా కూర్చోండి. అందరికీ వండి పెట్టే మనిషి కాబట్టి ఆమెను ఎవరూ అడగరు. యుద్ధం జరుగుతుండగా పైకెత్తిన మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు చెరో పక్క పట్టుకున్నారు, ముందు ఆయన్ని ఒక రాయి మీద కూర్చోబెట్టి మరీ పట్టుకున్నారు.

ఒక్కరి మీదే సంఘం నిలబడకూడదు అనడానికి మన ప్రాంతంలోనే చరిత్ర ఉంది. 1865 ప్రాంతంలో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి లూథరన్ మిషనరీలు ఇటు వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి శత్రుదేశం వాళ్ళు అని బ్రిటిష్ ప్రభుత్వం వాళ్ళ పని ఆపించింది. తర్వాత ఓహియో నుంచి అమెరికన్ లూథరన్లు బాధ్యత తీసుకున్నారు. దొరలు మారారు గానీ సంఘాలు మాయం కాలేదు, తిరుపతి ముఖ్య కేంద్రంగా దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం ఈరోజుకీ ఉంది. మీ పాస్టర్ గారు రేపు ఆసుపత్రిలో చేరితే ఆరాధన ఎవరు నడుపుతారు, తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి, చావు జరిగితే సమాధుల తోట పనివాళ్ళతో ఎవరు మాట్లాడతారు? ఇవి ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

మూడు నెలలకోసారి కూర్చోండి

ఇళ్ళకు తిరిగే జంటలు అలిసిపోతారు, అది మామూలే. మూడు నెలలకోసారి అందరూ కలిసి టీ తాగుతూ ఎవరికి బరువుగా ఉందో చెప్పుకోండి. అలిసినవాళ్ళను ఒక విడత పక్కన కూర్చోబెట్టి ఆ ఇళ్ళు కొత్తవాళ్ళకు ఇవ్వండి. పాతవాళ్ళే ఒకసారి తీసుకెళ్ళి పరిచయం చేయాలి, లేకపోతే ఆ ఇంటివాళ్ళు మళ్ళీ మొదటి నుంచి కథంతా చెప్పుకోవాల్సి వస్తుంది. సాయం తీసుకున్నవాళ్ళలో నిలదొక్కుకున్నవాళ్ళుంటే వాళ్ళనే జంటల్లో వేయండి, వాళ్ళకంటే బాగా వినేవాళ్ళు దొరకరు. కష్టం గడిచాక నిధిలో డబ్బు మిగిలితే మైకు సెట్టు కొందామని ఎవరో ఒకరు తప్పకుండా లేస్తారు. ఒప్పుకోకండి. దాన్ని అలాగే బ్యాంకులో ఉంచి, ఎవరి సంతకాలతో తీయాలో మినిట్స్ పుస్తకంలో రాయించండి.